సున్నా పాయింట్ మూడు తొమ్మిది

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ అంకెలు మాత్రం గబగబా చదువుతాను. నా తిండి అంకెల మీదే నడిచింది మరి. విజయనగరంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను, ఎక్కువగా కాగితం కోశాను. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, బ్లేడు దగ్గరికి రానివ్వరు. కొత్తగా పనిలో చేరేవాళ్ళ కోసం నీ అనుభవాలు చెప్పు పైడమ్మా అని యజమాని గారి అమ్మాయి అడిగింది. నేను చెప్తున్నాను, ఆవిడ రాసుకుంటోంది. మంచివి ఏరి చెప్పడం నాకు చేతకాదని ముందే చెప్పాను. జరిగింది జరిగినట్టే చెప్తాను, రాస్తే రాయండి, లేకపోతే చింపేయండి.

అరిగిన స్కేలు

మా ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. కామెర్లు వచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. అప్పుడు నాకు ముప్పై రెండు. మిల్లు పని నా వల్ల కాదనుకుని బస్సెక్కి విజయనగరం వచ్చి ఈ ప్రెస్సులో చేరాను. మొదట కోతలో రాలిన ముక్కలు ఊడ్చేదాన్ని. తర్వాత కాగితాలు మడత పెట్టడం, పిన్నులు కొట్టడం, గమ్ము రాయడం. కోత మెషిను మీద పనిచేసే ముసలాయన మానేశాక ఆ పిడి నా చేతికొచ్చింది.

యజమాని సన్యాసిరావు గారు పని తెలిసిన మనిషి. ఆ మాట ఒప్పుకోవాలి. కొత్తలో నేను ఒక బట్టల కొట్టుకి బిల్లు పుస్తకాలు కోశాను. స్కేలు పెట్టి, కొలిచి, గీత గీసి మరీ కోశాను. అన్నీ పొట్టివయ్యాయి. నేను సరిగ్గానే కొలిచానని ఏడుపు మొహంతో నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. నా స్టీలు స్కేలు తీసుకుని చివర చూపించారు.

"ఒసే పైడమ్మా, ఈ సివర అరిగిపోనాది, సూడు. ఒకటి కాడి నుంచి కొలు. కొలిసినాక ఒకటి తీసీ. సున్నాని ఎప్పుడూ నమ్మకు."

ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నేను ఏది కొలిచినా ఒకటి దగ్గర మొదలుపెట్టాను. కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట అదే. కొలిచే వస్తువుని ముందు కొలవండి.

ఆయనలో నచ్చనిది కూడా చెప్తాను. నిలబడి పనిచేసేవాళ్ళతో ఒక గొంతు, కూర్చుని పనిచేసేవాళ్ళతో ఒక గొంతు. మమ్మల్ని ఒసే, ఒరే. కూర్చున్నవాళ్ళని గారు. కంప్యూటరు వచ్చేదాకా ప్రెస్సులో కూర్చునేది ఆయన ఒక్కరే కాబట్టి నాకు ఆ తేడా తెలియలేదు.

అద్దాల గది

కంప్యూటరు వచ్చింది. దానికి మూలన అద్దాల గది కట్టారు, చల్లగాలి మెషిను పెట్టారు, చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలన్నారు. టైపు చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి పోయారు. తర్వాత జ్యోతి వచ్చింది. బొబ్బిలి వైపు పిల్ల. ఇక్కడ కోచింగు సెంటర్లో నేర్చుకుందట. వచ్చిన రోజే నన్ను పిన్నీ అంది.

నాకు ఆ పిల్ల మీద ఏడుపు. ఇది దాచి ఏం లాభం. ముందు ఆ కుర్చీ మీద ఏడ్చాను. నిలబడి నిలబడి నా పిక్కల్లో నరాలు తాళ్ళలా లేచాయి, దానికేమో చక్రాల కుర్చీ. తర్వాత దాని చేతుల మీద ఏడ్చాను. నా వేళ్ళ నిండా కాగితం కోసిన గాట్లు, దాని గోళ్ళకి రంగు. పని ఇచ్చే పార్టీలు వస్తే "జ్యోతి గారు ఉన్నారా" అని అడిగేవారు. అది చేసినదాన్ని నేను కోసి, అంచులు సరిచేసి, కట్ట కడితే, డబ్బా విప్పి "జ్యోతి గారు బాగా చేశారు" అనేవారు. కోత బాగుందని ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కడూ అనలేదు.

ఇవన్నీ పైపైవి. అసలుది సాయంత్రం ఆరింటికి వచ్చేది. దాని మొగుడు స్కూటరు మీద వచ్చి గేటు దగ్గర ఆగేవాడు. పెద్ద అందగాడేం కాదు, పొట్ట కూడా ఉంది. అది బయటికి వస్తుంటే వెనక సీటు మీద దుమ్ము చేత్తో తుడిచేవాడు. రోజూ తుడిచేవాడు. ఆలస్యమైందని అది విసుక్కునేది, వాడు నవ్వేవాడు. నేను సంచీ పట్టుకుని వాళ్ళని దాటుకుని నెల్లిమర్ల బస్సు కోసం నడిచేదాన్ని. ఆ తుడవడం చూడకుండా ఉండాలని ఐదు నిమిషాలు ముందు బయల్దేరిన రోజులున్నాయి. చూసి పోదామని ఐదు నిమిషాలు ఆగిన రోజులు కూడా ఉన్నాయి.

ఒకసారి అద్దాల గదిలోకి వెళ్ళాను. తెర మీద పైన స్కేలు బొమ్మ కనిపించింది, ఇంచీలు, మధ్యలో చిన్న గీతలు. నా బతుకంతా స్కేలే కదా, సంబరపడి నా స్టీలు స్కేలు తెర మీద ఆనించి చూశాను. దాని ఇంచీ నా ఇంచీన్నర ఉంది. "ఇది తప్పు సూపిస్తంది" అన్నాను. జ్యోతి నవ్వింది. వచ్చిన పార్టీవాళ్ళూ నవ్వారు.

"తెర మీద ఇంచీ ఇంచీ కాదు పిన్నీ. దగ్గరికి లాగితే పెరుగుతాది, దూరం నెడితే తగ్గుతాది. కాగితం మీదకొచ్చినాకే అది ఇంచీ."

చెప్పింది నిజమే. మీరూ గుర్తు పెట్టుకోండి, తెర మీద చూసి కొలత తేల్చకండి. కానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నా స్కేలుని చూసి నవ్వింది. అది మనసులో పెట్టుకున్నాను.

పిల్లల జబ్బకి చుట్టే పట్టీ

కొండ దిగువ ఊళ్ళలో పిల్లలకి ఉచితంగా వైద్యం చేసే డాక్టరమ్మ ఒకావిడ మా ప్రెస్సుకి వచ్చింది. ఐదేళ్ళలోపు పిల్లల జబ్బకి చుట్టి కొలిచే కాగితం పట్టీలు కావాలంది. పట్టీ మీద సెంటీమీటర్లు ఉంటాయి. పదకొండున్నర వరకు ఎరుపు, పన్నెండున్నర వరకు పసుపు, ఆ పైన ఆకుపచ్చ. ఎరుపులో పడ్డ పిల్ల బాగా చిక్కిపోయినట్టు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసుపైతే తిండి పెంచి మళ్ళీ నెలకి చూస్తారు. ఆవిడ ఇదంతా సన్యాసిరావు గారికి చెప్తుంటే నేను మెషిను దగ్గర నుంచి విన్నాను. కాబట్టి నాకు తెలియక జరిగిందని ఎవరూ అనుకోవద్దు.

అప్పటికి జ్యోతి పరిస్థితి బాగాలేదు. అంతకు ముందు నెల ఒక కాలేజీ రికార్డు పుస్తకాలకి ఎడమ పక్క ఖాళీ చాలినంత వదల్లేదు. కుట్టేసరికి అక్షరాలు కుట్టులోకి పోయాయి. కట్టలన్నీ తిరిగొచ్చాయి. ఈసారి ఒక్క షీటు వృథా అయినా వేరే చోటు చూసుకోమని సన్యాసిరావు గారు అందరి ముందు అన్నారు. గారు అని పిలుస్తూనే అన్నారు. ఆ పిల్ల తల వంచుకుంది. ఆ రోజు నాకు అన్నం సయించింది.

పట్టీల షీట్లు గురువారం నా బల్ల మీదకి వచ్చాయి. దళసరి కాగితం, షీటుకి ఏడు పట్టీలు, ఒక్కోటి ఇరవై ఐదు సెంటీమీటర్ల పొడవు. రంగులు ముచ్చటగా ఉన్నాయి. కొయ్యబోయే ముందు అలవాటు కొద్దీ స్కేలు ఆనించాను, ఒకటి దగ్గర నుంచి. ఒకటికి ఒకటి కలిసింది. ఐదు దగ్గర ఏదో ఉందనిపించింది. పది దగ్గర మిల్లీమీటరు తేడా. ఇరవై ఐదు దగ్గర రెండు మిల్లీమీటర్లు దాటింది. పట్టీ పొట్టిది.

నా చెయ్యి పిడి మీద ఉంది. అద్దాల తలుపు పది అడుగుల దూరం. వెళ్ళి "ఇదిగో, పొట్టిగా వచ్చింది" అంటే సరిపోయేది. అది దిద్దుకునేది, మళ్ళీ ముద్రించేది, నాలుగు షీట్లతో పోయేది. లోపల అది ఫోన్లో మాట్లాడుతోంది. మాటలు వినబడవు, నవ్వే మొహం కనబడుతుంది. మొగుడితోనే అయ్యుంటుంది.

కోశాను. అన్నీ కోశాను. నా పని కొయ్యడం, కొలవడం కాదు అని నాలో నేను అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా కొలవకుండా ఒక్క కాగితం కొయ్యని మనిషిని నేను.

నేను అనుకున్నదేమిటంటే, డాక్టరమ్మ చదువుకున్నది కదా, తీసుకునేటప్పుడు స్కేలు పెట్టి చూస్తుంది, అప్పుడు తిరగ్గొడుతుంది, జ్యోతి పోతుంది, పిల్లలకి నష్టం రాదు. ఆవిడ వచ్చింది. పట్టీ తీసి వెలుతురులో పట్టుకుని చూసింది. "ఎంత బాగున్నాయి, ఎవరు చేశారు" అంది. సన్యాసిరావు గారు అద్దాల గది వైపు చూపించారు. డబ్బాలు జీపెక్కాయి. మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. అది కనబడాలంటే అనుమానమైనా ఉండాలి, ఏడుపైనా ఉండాలి.

ఆదివారం, సోమవారం

ఆదివారం నాకు సెలవు. మా ఇంటికి రెండు మైళ్ళలో ఉన్న ఊళ్ళో డాక్టరమ్మ మనుషులు పిల్లల్ని చూస్తున్నారని తెలిసి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. కాళ్ళు అటు నడిచాయి.

బడి వరండాలో తల్లులు వరసగా కూర్చున్నారు. ఏడాదిన్నర పిల్ల ఒకత్తె వంతు వచ్చింది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. నర్సమ్మ జబ్బకి పట్టీ చుట్టింది. నేను వెనక నుంచి వంగి చూశాను. ఎరుపు దాటింది. ఎంత దాటింది అంటే, వెంట్రుకంత. పసుపని నర్సమ్మ రాసుకుంది. గుడ్లు పెట్టు, పప్పు పెట్టు, వచ్చే నెల తీసుకురా అంది. తల్లి ఊపిరి వదిలి నవ్వింది. పొలం పని చేసుకునే మనిషి, ఆసుపత్రికి పోతే పదిహేను రోజులు కూలి పోతుందని భయపడుతూ కూర్చున్నట్టుంది. ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను నోరు విప్పలేదు. గురువారం ఒకసారి విప్పలేదు, ఇక్కడ రెండోసారి.

సోమవారం పొద్దున్నే ఊళ్ళోంచి తెచ్చిన ఒక పట్టీ, నా స్కేలు సన్యాసిరావు గారి బల్ల మీద పెట్టాను. పట్టీలు పొట్టిగున్నాయి, నిన్న ఊళ్ళో చూస్తే తెలిసింది అన్నాను. నిన్న అన్నాను, గురువారం అనలేదు. పిల్ల మీద జాలితో వచ్చానా, జ్యోతిని పట్టివ్వడానికి వచ్చానా అంటే రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో తూచలేను.

ఆయన కొలిచారు. జ్యోతిని పిలిచారు. ఈసారి గారు లేదు. "ఇవి మళ్ళీ సేసిచ్చీ. డాక్టరమ్మకి అప్పగించినాక ఇంక రాకు" అన్నారు. డాక్టరమ్మకి ఫోను చేశారు. కొలిచిన పిల్లలందర్నీ మళ్ళీ కొలవాలంది ఆవిడ.

జ్యోతి ఏడవలేదు. లోపలికి వెళ్ళి కూర్చుని గంటసేపు వెతికింది. తర్వాత తలుపు తీసి నన్నే పిలిచింది, స్కేలు పట్టుకు రమ్మని.

"ఇక్కడ సూడు పిన్నీ. సెంటీమీటరుకో గడి పెట్టినాను. ఈ మెషిను ఇంచీల్లో అడుగుతాది. సెంటీమీటరంటే సున్నా పాయింట్ మూడు తొమ్మిది, ఇంకా ఎనక మూడు, ఏడు ఉన్నాయి. తెర మీద అంకె కొట్టే ఈ డబ్బా రెండంకెలే సూపిస్తాది. నాను సూసిన రెండే కొట్టీసినాను. గడికి ఎంత పోనాదో కంటికి కనబడదు. ఇరవై ఐదు గడులకి ఇంత పోనాది."

నేను బుర్ర ఊపాను. నాకు అర్థమైంది. ఆ గదిలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి సంగతి అదే. మరి ఎలా చెయ్యాలి అని అడిగితే చూపించింది. ఒకటి అని కొట్టి పక్కన సెంటీమీటరు గుర్తు కూడా కొడితే మెషినే లెక్క వేసుకుంటుంది. పైకి మళ్ళీ ఆ మూడు తొమ్మిదే చూపిస్తుంది, మిగిలినది లోపల పెట్టుకుంటుంది. లేదంటే సెట్టింగుల్లోకి వెళ్ళి ఇంచీలు తీసేసి సెంటీమీటర్లే పెట్టుకోవచ్చు. ఇది రాసుకోండి. చూపించిన అంకెని తీసుకుని మళ్ళీ కొట్టకండి. మీకు తెలిసిన కొలతని, అది ఏ కొలతో ఆ పేరుతోనే కొట్టండి.

కొత్త షీటు వచ్చింది. ఇద్దరం పది చోట్ల కొలిచాం. సరిగ్గా ఉంది. నేను కోశాను. కోస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. రేపటి నుంచి ఈ గది ఖాళీ. సాయంత్రం స్కూటరు రాదు. నేను కోరుకున్నదే. అబద్ధం చెప్పను, తియ్యగానే ఉంది. తియ్యగా ఉంటూనే మింగుడు పడలేదు.

మళ్ళీ కొలిచినప్పుడు

మర్నాడు డాక్టరమ్మ జీపులో జ్యోతి, నేను కొత్త డబ్బాలతో అదే ఊరు వెళ్ళాం. పాతవి ఒక్కటి కూడా మిగలకుండా ఏరుకు రమ్మని సన్యాసిరావు గారు ఇద్దర్నీ పంపారు. ఆ పుల్లల చేతుల పిల్లని మళ్ళీ తెచ్చారు. డాక్టరమ్మ తానే పట్టీ చుట్టింది. ఎరుపు. అనుమానం లేని ఎరుపు.

తల్లి డాక్టరమ్మని, నర్సమ్మని, మా ఇద్దర్ని మార్చి మార్చి చూసింది.

"మొన్న పసుపన్నారు. ఇయ్యాల ఎరుపంటన్నారేటి? రెండ్రోజుల్లో సిక్కిపోనాదా నా బిడ్డ? నాను తిండి పెట్టలేదనా మీ అనుమానం?"

డాక్టరమ్మ జ్యోతి వైపు చూసింది. జ్యోతి ఒక అడుగు ముందుకు వేసి, చేతులు కట్టుకుని, తప్పు నాదమ్మా అనడానికి నోరు తెరిచింది. ఏమనబోతోందో నాకు తెలిసిపోయింది. ఆ ఒక్క మాట దాని నోట్లోంచి వస్తే నా గురువారం ఎవరికీ తెలియకుండా మట్టిలో కలిసిపోయేది.

"నీ బిడ్డ మొన్నా ఇంతేనమ్మా," అన్నాను. "నువ్వు సరిగ్గానే పెట్టినావు. పట్టీ పొట్టిది. సేసినప్పుడు ఈ పిల్లకి తెలీదు. కోసినప్పుడు నాకు తెలుసు. తెలిసీ కోసినాను."

డాక్టరమ్మ చేతిలో పట్టీ అలాగే ఆగింది. తల్లి నన్ను తిడుతుందనుకున్నాను. కొడితే కొట్టించుకుందామనుకున్నాను. ఆవిడ పిల్లని భుజం మార్చుకుని, నావైపు చూడకుండా డాక్టరమ్మని అడిగింది.

"ఎప్పుడెల్లాల?"

"ఇప్పుడే" అంది డాక్టరమ్మ. బట్టలు తెచ్చుకోవడానికి కూడా ఇంటికి పోలేదు, అలాగే జీపెక్కింది. పిల్లకి లోపల జ్వరం కూడా ఉందని, ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని ఆ తర్వాత తెలిసింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి పంపారు. ఇప్పుడు బడికి పోతోందట. ఆ పిల్లని నేను మళ్ళీ చూడలేదు, చూసే మొహం లేదు.

జీపు ఆసుపత్రికి పోయింది కాబట్టి జ్యోతి, నేను పాత డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాం. సగం దారిలో అది రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"ఎందుకు సెప్పలేదు పిన్నీ?"

"నిన్ను సూస్తే నాకు ఏడుపు."

"అది నాకు తెలుసు," అంది. "ఒచ్చిన మొదటి నెలలోనే తెలిసింది. అందుకే మొదటి షీటు నీకు సూపించడం మానీసినాను. నీ కాడికి రావడమంటే బయం. ముందు సూపించుంటే నువ్వు ఊరుకుందువా?"

ఊరుకునేదాన్ని కాదు. అది ఎదురుగా నిలబడి "సూడు పిన్నీ" అంటే నా నోరు ఆగదు, తప్పు చెప్పి, నాలుగు దెప్పి మరీ పంపేదాన్ని. ఆ మాట దానికి చెప్పాను. దానికి నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది.

సన్యాసిరావు గారికి గురువారం సంగతి నేనే చెప్పాను. ఇద్దర్నీ పంపేస్తే ప్రెస్సు మూసుకోవాలన్నారు. జ్యోతి ఉండిపోయింది. నన్ను మాత్రం నెల రోజులు కోతకి రానివ్వలేదు, మళ్ళీ ముక్కలు ఊడ్చాను. సరిపోయిన శిక్షేనని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది.

కొత్తగా చేరినవాళ్ళు ఈ కథ విని పైడమ్మ మారిపోయిందనుకుంటారేమో. మారలేదు. జ్యోతి జీతం పెరిగినప్పుడు ఏడ్చాను, కూతురు పుట్టినప్పుడు ఏడ్చాను, నేను పని మానేసిన రోజు కూడా దాని స్కూటరు చూసి ఏడ్చాను. ఏడుపు పోవాలంటే నా చేతిలో లేదు. కోత గదికీ కంప్యూటరు గదికీ మధ్య మాట నడవడం చేతిలో ఉంది. కంప్యూటరు దగ్గర కూర్చునేవాళ్ళు, మీకు ఎవరంటే గిట్టదో వాళ్ళకే మొదటి షీటు ఇవ్వండి. మెషిను దగ్గర నిలబడేవాళ్ళు, ఇస్తారని చూడకుండా మీరే వెళ్ళి అడగండి.

నెల తర్వాత నేను మళ్ళీ పిడి పట్టుకున్న పొద్దున, జ్యోతి ఒక పెళ్ళి శుభలేఖ మొదటి షీటు తెచ్చి నా బల్ల మీద పెట్టి, పక్కనే నిలబడింది. ఒకటి దగ్గర నుంచి కొలిచాను. కింది అంచు దగ్గర అర మిల్లీమీటరు ఎక్కువ వచ్చింది.

"ఇక్కడ ఎక్కువైంది," అన్నాను. తీసుకుని లోపలికి వెళ్ళింది.